నాలుగు వేల స్టాంపులకు నాలుగు వేల రెట్లు రావు: పెద్ద సేకరణకు ధర కట్టి అమ్మడం ఎలా

ఇంట్లో పెద్దాయన పోయాక గదులు సర్దుతుంటే అటక మీద నుంచి రేకు పెట్టె ఒకటి దిగుతుంది. తెరిస్తే ఆల్బంలు, రబ్బరు బ్యాండు కరిగి అంటుకుపోయిన పాత కవర్ల కట్టలు, పల్చటి కాగితాల మధ్య పెట్టిన స్టాంపుల షీట్లు. ఈలోగా బంధువుల్లో ఒకరు ఫోన్లో వెతికి, "గాంధీ స్టాంపులు నాలుగు కోట్లకు పోయాయట రా!" అంటారు. అప్పటిదాకా పాత కాగితాలుగా కనిపించినవి ఒక్కసారిగా ఆస్తిగా మారిపోతాయి. అన్నదమ్ముల మధ్య చిన్నగా టెన్షన్ కూడా మొదలవుతుంది.

ఆ నాలుగు కోట్ల మాట అబద్ధం కాదు. 1948 ఆగస్టు 15న గాంధీ బొమ్మతో వచ్చిన పది రూపాయల స్టాంపు మీద 'సర్వీస్' అని అదనంగా అచ్చు వేసి, గవర్నర్ జనరల్ కార్యాలయం వాడకానికి కొద్దిగా ఇచ్చారు. అలాంటివి నాలుగు కలిసి ఉన్న వరస 2017లో లండన్ సంస్థ స్టాన్లీ గిబ్బన్స్ ద్వారా 5 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయింది. మీ పెట్టెలో ఉన్నది అది కాదు. ఈ సంగతి మొదటిరోజే ఒప్పేసుకుంటే మిగతా పని చాలా తేలికవుతుంది.

మా పెదనాన్న రెండు ట్రంకు పెట్టెల నిండా స్టాంపులు వదిలి వెళ్లారు. అవి తేల్చడానికి నాకు రెండేళ్లు పట్టింది. అందులో ఆరు నెలలు తప్పు లెక్క మీదే పోయాయి. అదేం లెక్కో కాసేపట్లో చెబుతాను. ముందు చేతులు ఎక్కడ పెట్టకూడదో చూద్దాం.

మొదటి వారం: ఏమీ చేయకండి

నిజంగానే. శుభ్రం చేయొద్దు, ఇస్త్రీ చేయొద్దు, వెనక పెన్సిలు రాతలు తుడవొద్దు. కలిసి ఉన్న స్టాంపులను చిల్లుల వెంట చింపొద్దు. నాలుగు కలిసి ఉన్న బ్లాకును ఒకసారి విడదీశాక మళ్లీ అతికించలేం. షీటు అంచున ఉండే ఖాళీ కాగితాన్ని కూడా కత్తిరించొద్దు. దాని మీద షీటు నంబరో, ముద్రణాలయం పేరో, రంగుల గుర్తుగా వేసిన చిన్న చుక్కల వరసో ఉంటుంది. ఆ చుక్కలున్న బ్లాకును సేకర్తలు 'ట్రాఫిక్ లైట్' అంటారు, విడిగా వెతుక్కుంటారు.

కవర్ల మీది స్టాంపులను కత్తిరించడం, నీళ్లలో నానబెట్టి ఊడదీయడం ఇంకా పెద్ద నష్టం. చిన్నప్పుడు మనందరం చేసిన పనే అది. పళ్లెంలో నీళ్లు పోసి, నానాక వార్తాపత్రిక మీద ఆరబెట్టేవాళ్లం. మా పెదనాన్న కవర్లు కొన్ని అలా పళ్లెంలోకి వెళ్లింది నా చేతుల మీదుగానే. రెండో ప్రపంచ యుద్ధం నాటి కవరు మీద సెన్సారు ముద్ర, చించి మళ్లీ అంటించిన పట్టీ ఉంటే దాని ధర ఆ కవరుదే. పైనున్న అణా స్టాంపుకి విడిగా వచ్చేది చాలా తక్కువ.

తేమ వల్ల షీట్లు ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటే లాగకండి. కోస్తా ఇళ్లలో ఇది మామూలే. మూత గట్టిగా పడే డబ్బాలో తడి స్పాంజి పెట్టి, నీళ్లు తగలకుండా పైన చిన్న జాలీ మీద షీట్లు ఉంచితే, కొన్ని గంటల్లో బంక మెత్తబడి నెమ్మదిగా విడిపోతాయి. బంక కొంత పాడవుతుంది, నిజమే. అయితే చిరిగిన షీటు కన్నా బంక పాడైన షీటు నయం. ఖరీదైనదేమో అన్న అనుమానం ఉన్నవాటిని మాత్రం ఈ ప్రయోగానికి కూడా పెట్టకండి.

ఈ వారంలో చేయాల్సిన పని ఒకటుంది. ఆల్బంలో ప్రతి పేజీనీ పగటి వెలుతురులో ఫోటో తీసి, పేజీకో నంబరు ఇవ్వండి. తర్వాత ఎవరికి చూపించినా ఏం ఉండేదో, ఏం మాయమైందో మీకు తెలుస్తుంది. స్టాంపులను వేళ్లతో కాకుండా చివర చదునుగా ఉండే పట్టకారుతో పట్టుకోండి.

మూడు కుప్పలు

ఇప్పుడు వేరు చేయడం మొదలుపెట్టండి. దేశాల వారీగా, ఏళ్ల వారీగా సర్దాలని అందరికీ అనిపిస్తుంది. అమ్మేవాళ్లకి ఆ సర్దుడు అక్కర్లేదు. ఎలా అమ్ముడుపోతుందో దాన్నిబట్టి సర్దండి: విడిగా బేరం పెట్టాల్సినవి, సెట్టుగానో ఆల్బంగానో పోయేవి, గంపగుత్తగా పోయేవి.

మొదటి కుప్పలోకి ఏం రావచ్చు? మన దేశం వరకు చెబుతాను. 1852లో సింధులో వచ్చిన 'సిండే డాక్', 1854లో రాతి అచ్చుతో వచ్చిన విక్టోరియా అర్ధణా, అణా, నాలుగణాలవి. బ్రిటిష్ రాజుల బొమ్మలతో ఉన్న పదిహేను, పాతిక రూపాయల పెద్ద విలువలు. అయితే వీటి మీద కోర్టు ముద్రో, తంతి కార్యాలయం ముద్రో ఉంటే ధర బాగా తగ్గిపోతుంది. తపాలా ముద్ర ఉందా లేదా జాగ్రత్తగా చూడండి. స్వాతంత్ర్యం తర్వాతి వాటిలో 1948 గాంధీ నాలుగు స్టాంపుల సెట్టు (అణాన్నర, మూడున్నర అణాలు, పన్నెండు అణాలు, పది రూపాయలు), 1949 పురావస్తు కట్టడాల వరసలో పది, పదిహేను రూపాయలవి. పది రూపాయల గాంధీకి నకిలీలు చాలా ఉన్నాయి. అసలైనది స్విట్జర్లాండ్‌లో కూర్వాజియే సంస్థ అచ్చువేసింది. అది మీ దగ్గర ఉంటే సంతోషించే ముందు నిపుణుడికి చూపించండి.

తెలంగాణ ఇళ్లలో ఇంకో రకం దొరకొచ్చు, నిజాం స్టాంపులు. హైదరాబాద్ రాజ్యం 1869లో సొంత స్టాంపులు మొదలుపెట్టింది. 1950లో ఆ తపాలా భారత తపాలాలో కలిసిపోయింది. 1931 వరసలో అణా స్టాంపు మీద చార్మినార్ ఉంటుంది. కొన్నిటి మీద ఉర్దూలో 'సర్కారీ' అని అచ్చు ఉంటుంది, అవి ప్రభుత్వ వాడకానివి. చిన్న విలువలవి విడిగా అయితే చాలావరకు చౌకే. కానీ చిన్న ఊరి తపాలా ముద్రతో, మొత్తం కవరుగా ఉంటే తీసి పక్కన పెట్టండి. మీ తాలూకా ఊరి ముద్ర కోసమే చూసే సేకర్త ఎక్కడో ఒకరుంటారు.

రెండో కుప్ప: వరసగా ఏళ్ల వారీగా నింపిన స్వతంత్ర భారత ఆల్బంలు, మినియేచర్ షీట్లు (ఒకటో రెండో స్టాంపులతో అచ్చువేసిన చిన్న షీట్లు), ఫస్ట్ డే కవర్లు (స్టాంపు విడుదలైన రోజు ముద్ర పడిన కవర్లు). అరవైలు, డెబ్బైలు పూర్తిగా ఉన్న ఆల్బం విడిపోకుండా ఉంటేనే మంచి బేరం పలుకుతుంది.

మూడో కుప్ప అన్నిటికన్నా పెద్దది. కొట్టు ముందు వేలాడే ప్యాకెట్లలో మనం కొనుక్కున్న 'మాగ్యార్ పోస్టా' హంగరీ స్టాంపులు, పోలెండ్ పక్షులు, గల్ఫ్‌లోని అజ్మాన్, ఫుజైరా పేర్లతో వచ్చిన రంగురంగుల బొమ్మలు, తపాలా ముద్ర పడిన మామూలు భారత స్టాంపులు అన్నీ ఇందులోకే. ఇవి కిలో లెక్కన, డబ్బా లెక్కన పోతాయి. బాధగానే ఉంటుంది. నాకూ ఆ పోలెండ్ పక్షులంటే ఇష్టం. అందుకే నాలుగు ఉంచేసుకున్నాను.

పెట్టెలో రెవెన్యూ స్టాంపులు, కోర్టు ఫీజు స్టాంపులు, పాత దస్తావేజులు ఉంటే వేరుగా పెట్టండి. వాడేసిన పాత సంస్థానాల స్టాంపు కాగితాలకు సేకర్తలున్నారు. వాడని స్టాంపు పేపర్లను మాత్రం అమ్మకానికి పెట్టకండి. లైసెన్సు లేకుండా వాటిని అమ్మడం చట్టరీత్యా చిక్కు.

స్థితి చూడటం

ఒకే స్టాంపు రెండు వేలు పలకొచ్చు, రెండు వందలు కూడా పలకొచ్చు. తేడా స్థితిలో ఉంటుంది. వాడనిదైతే వెనక్కి తిప్పి బంక చూడండి. బంక చెక్కుచెదరకుండా, హింజ్ (స్టాంపును ఆల్బంలో నిలబెట్టే చిన్న బంక కాగితం) అంటించిన గుర్తు లేకుండా ఉంటే పూర్తి ధర. హింజ్ మచ్చ ఉంటే తక్కువ. వెలుగుకి ఎదురుగా పట్టుకుంటే కాగితం ఎక్కడైనా పల్చబడిందేమో కనిపిస్తుంది. చుట్టూ పళ్లు అన్నీ ఉన్నాయా, మూల నలిగిందా, బొమ్మ మధ్యలో ఉందా చూసుకోండి. మన వాతావరణంలో అసలు శత్రువు పసుపు, గోధుమ రంగు మచ్చలు. డీలర్లు 'టోనింగ్' అంటారు. అది పట్టిన షీటును మంచి షీట్ల మధ్య ఉంచకండి, వేరు చేయండి.

ఖరీదైనదని అనుమానం ఉన్న ఒకటి రెండింటికి నిపుణుల ధ్రువపత్రం తెప్పించుకోవచ్చు. లండన్‌లోని రాయల్ ఫిలాటెలిక్ (అంటే స్టాంపుల సేకరణ) సొసైటీ లాంటి సంస్థలు పరిశీలించి ఇస్తాయి. దానికి ఫీజు, పంపడానికి ఖర్చు, నెలల సమయం పడతాయి. అందుకని ఆ ఖర్చుకి ఎన్నో రెట్లు వస్తుందని డీలరో, అనుభవమున్న సేకర్తో చెబితేనే ఆ దారి పట్టండి.

అసలు లెక్క: గుణకారం ఎందుకు తప్పు

ఇక నేను పోగొట్టుకున్న ఆరు నెలల సంగతి. మా పెదనాన్న 1970లలో కొత్త స్టాంపు వచ్చినప్పుడల్లా షీట్లకు షీట్లు కొనేవారు. ఆ రోజుల్లో చాలామంది అలాగే చేశారు. ఎప్పటికైనా పదింతలవుతుందన్న నమ్మకం. నేను స్టాంపుల ధరలుండే కేటలాగ్ తెచ్చుకుని, ఒక్కో స్టాంపు ధర చూసి, షీటులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, హెచ్చవేసి ఒక నోటుబుక్కు నింపాను. చివర వచ్చిన మొత్తం చూసి ఇంట్లో అందరికీ టీలు పెట్టించాను కూడా.

ఆ లెక్కలో రెండు తప్పులున్నాయి. మొదటిది, కేటలాగ్ ధర అంటే కొట్టువాడు మంచి స్థితిలో ఉన్న ఒక్క స్టాంపును మనకి అమ్మే ధర. మన దగ్గర కొనే ధర కాదు. పైగా అతి చౌక స్టాంపుకు కేటలాగ్‌లో కనిపించే కనీస ధర చాలావరకు దాన్ని వెతికి, కవరులో పెట్టి ఇచ్చే శ్రమకే.

రెండో తప్పు ఇంకా పెద్దది. ఉదాహరణకి 1975లో హైదరాబాద్‌లో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభలకు 25 పైసల స్టాంపు వచ్చింది. అది మీ దగ్గర నాలుగు వేలు ఉన్నాయనుకుందాం. ముఖవిలువ వెయ్యి రూపాయలు. ఒక్కోటి ఐదు రూపాయలకు పోతుందనుకుంటే కాగితం మీద ఇరవై వేలు. ఇప్పుడు కొనేవాళ్ల వైపు నుంచి చూడండి. ఏడాదికి ఇరవై మంది ఆ స్టాంపు కావాలని వచ్చి, ఒక్కొక్కరు నాలుగేసి తీసుకున్నారనుకోండి. ఏడాదికి ఎనభై. నాలుగు వేలు అమ్మడానికి యాభై ఏళ్లు పడుతుంది. ఒకేసారి బజారులో గుమ్మరిస్తే ఆ ఐదు రూపాయల ధర కూడా మిగలదు. డీలరు మీకు ఇచ్చే ధరలో ఈ యాభై ఏళ్ల నిరీక్షణ, గిడ్డంగి, చెదల భయం అన్నీ ఉంటాయి. అతను మోసగాడు కాకపోయినా రెండు వేలే ఇస్తానంటాడు.

కాబట్టి ఒకే రకం స్టాంపులు పెద్ద సంఖ్యలో ఉంటే మూడు లెక్కలు వేయండి. ఏడాదిలో విడిగా ఎన్ని పోతాయో వాటికి చిల్లర ధర. మరో రెండు మూడేళ్లలో పోయేవాటికి టోకు ధర. మిగిలిన మొత్తానికి ముఖవిలువ, లేదా అంతకన్నా తక్కువ. ఈ మూడూ కూడితే వచ్చేదే మీ అసలు అంకె. నా నోటుబుక్కులోని మొత్తం ఇలా వేసేసరికి పదో వంతుకు వచ్చింది. టీ డబ్బులు మాత్రం తిరిగి రాలేదు.

దీనికి మినహాయింపు అరుదైన పాత స్టాంపులు. అక్కడ కలిసి ఉండటమే విలువ, బ్లాకు ధర నాలుగు విడి స్టాంపుల ధర కన్నా ఎక్కువ ఉండొచ్చు. 1918లో అమెరికాలో విమానం తలకిందులుగా పడిన 24 సెంట్ల స్టాంపుల షీటు కథ సేకర్తలందరికీ తెలుసు. విలియం రోబీ అనే ఆయన తపాలా కౌంటర్లో వంద స్టాంపుల షీటును 24 డాలర్లకు కొని, కొద్ది రోజుల్లోనే 15,000 డాలర్లకు అమ్మేశాడు. అది చివరికి 20,000 డాలర్లకు కల్నల్ గ్రీన్ అనే ధనవంతుడి చేతికి చేరింది. విడగొట్టే ముందు ప్రతి స్టాంపు వెనకా షీటులో దాని స్థానం నంబరు పెన్సిలుతో వేశారు. చాలావాటిని విడివిడిగా అమ్మేశారు. కొన్ని మాత్రం, షీటు అంచున ప్లేటు నంబరు (అచ్చు పలక నంబరు) ఉన్న భాగంతో సహా, బ్లాకులుగానే ఉంచారు. ఎక్కువమంది కొనగలిగేది విడి స్టాంపు కాబట్టి అది విడిపోయింది, మళ్లీ దొరకనిది బ్లాకు కాబట్టి అది మిగిలింది. మీ దగ్గర 1950కి ముందు బ్లాకులుంటే, ఏది విడదీయాలో ఏది ఉంచాలో ఆ తెలివితోనే తేల్చాలి. మీకు తెలియకపోతే విడదీయకండి.

ఎక్కడ అమ్మాలి

డీలరుకి మొత్తంగా అమ్మితే డబ్బు వెంటనే వస్తుంది, తలనొప్పి పోతుంది, ధర తక్కువ. వేలం సంస్థకి ఇస్తే మొదటి కుప్పకి మంచి ధర రావచ్చు, కానీ నెలలు ఆగాలి, కమీషన్ పోతుంది. ఆన్‌లైన్‌లో మీరే విడిగా అమ్మితే ఎక్కువ మిగులుతుంది, కానీ అది రోజూ చేసే ఉద్యోగం. ఫోటోలు, ప్రశ్నలు, ప్యాకింగ్, "అన్నా, ఫైనల్ ఎంత" అనే మెసేజ్‌లు.

నా సలహా ఏమిటంటే మూడు కుప్పలకీ మూడు దారులు. మొదటిది వేలానికి, రెండోది సేకర్తలకి నేరుగా, మూడోది డీలరుకి. కొనేవాళ్లు ఎక్కడ దొరుకుతారంటే, తపాలా శాఖ, ఫిలాటెలిక్ సంఘాలు పెట్టే ప్రదర్శనల్లో. అక్కడ డీలర్ల బల్లలు కూడా ఉంటాయి. హైదరాబాద్‌లో అబిడ్స్ జీపీఓలోని ఫిలాటెలిక్ బ్యూరో దగ్గరకి వెళ్లినా నలుగురు సేకర్తలు పరిచయమవుతారు. తపాలా శాఖ మాత్రం పాత స్టాంపులు వెనక్కి కొనదు. కౌంటర్లో ఆ మాట అడిగి నవ్వించకండి, నేను అడిగాను.

వేలానికి ఇచ్చేటప్పుడు రాతపూర్వకంగా తెలుసుకోవాల్సినవి: అమ్మకందారు కమీషన్ ఎంత, ఫోటోకీ బీమాకీ విడిగా వసూలు చేస్తారా, కనీస ధర పెట్టొచ్చా, అమ్ముడుపోకపోతే వెనక్కి తెచ్చుకోవడానికి ఖర్చెవరిది, డబ్బు ఎన్ని రోజులకి ఇస్తారు. ఒకే రకం బ్లాకులు ఇరవై ఉంటే అన్నీ ఒకే వేలంలో పెట్టొద్దని చెప్పండి. రెండు చొప్పున విడతలుగా పెట్టించండి. ఇరవై ఒకేచోట కనిపిస్తే కొనేవాడు తొందరపడడు.

విదేశీ వేలానికి పంపాలనుకుంటే ఒక్క జాగ్రత్త. వందేళ్లు దాటిన పురావస్తువుల ఎగుమతి మీద మన దేశంలో 1972 చట్టం ఉంది. పాతవి ఏవైనా సరిహద్దు దాటించే ముందు ఆ విషయం తెలిసినవాళ్లని అడగండి. పెద్ద మొత్తం వస్తే పన్ను సంగతి ఆడిటర్‌తో ముందే మాట్లాడుకోండి.

బేరం రోజు

కనీసం ముగ్గురికి చూపించండి. ముగ్గురికీ ఒకే జాబితా, ఒకే ఫోటోలు ఇవ్వండి. మొదటివాడు చెప్పిన ధర రెండోవాడికి చెప్పకండి. మీ కనీస ధర కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి, నోటితో మాత్రం అనకండి.

జాగ్రత్తగా గమనించాల్సింది, మీగడ తీసుకెళ్లేవాడిని. నా దగ్గరకి వచ్చిన ఒకాయన రెండు గంటలు ఆల్బం తిప్పి, మూడంటే మూడే కవర్లు ఏరి, "వీటికి ఇంత ఇస్తాను, మిగతావి మీ పిల్లలకి దాచుకోండి" అన్నాడు. ఆయన ఏరినవి మూడూ నేను మూడో కుప్పలో వేసినవి. అమ్మలేదు. ఆయన కళ్లు ఎక్కడ ఆగాయో చూసి, ఆ కవర్లని మొదటి కుప్పలోకి మార్చాను. అంతకన్నా మంచి ఉచిత సలహా నాకు ఇంకెవరూ ఇవ్వలేదు. ఏరుకోవడం మీకు సమ్మతమే అయితే, ఏరాక మిగిలినదాని ధర ఎంత పడిపోతుందో కూడా లెక్కలో కలపండి.

"ఇంటికి తీసుకెళ్లి చూసి చెబుతాను" అంటే పేజీ నంబర్లతో, సంతకంతో రసీదు తీసుకున్నాకే ఇవ్వండి. అసలు పెట్టె ఇవ్వకుండా ఉంటే ఇంకా మంచిది, మీ ఎదురుగానే చూడమనండి. డబ్బు ఖాతాలో పడ్డాకే పెట్టె గుమ్మం దాటాలి. అన్నదమ్ముల వాటాలుంటే అమ్మకం రోజు అందరూ ఆ అంకె మీద సంతకం పెట్టడం మంచిది. పదేళ్ల తర్వాత ఎవరో ఒకరు మళ్లీ ఫోన్లో ఆ నాలుగు కోట్ల వార్త చూస్తారు.

అన్నీ అయ్యాక పైసల విలువలున్న షీట్లు కొన్ని మిగులుతాయి. అణాల కాలంవి తపాలాకి పనికిరావు. 1957 ఏప్రిల్ తర్వాత వచ్చిన పైసలవైతే, కౌంటర్లో ఒకసారి అడిగి మీ ఉత్తరాలకే వాడుకోండి. ముఖవిలువ పూర్తిగా తిరిగి వచ్చినట్టే, ఏ డీలరూ అంత ఇవ్వడు. మా అన్నయ్య కూతురి శుభలేఖలు కొన్ని అలాగే వెళ్లాయి. ఐదు రూపాయల కవరుకి పాతిక పైసలవి ఇరవై. రెండు రోజులు అందరం కూర్చుని అంటించాం, చివరికి అడ్రసు కవరు వెనక రాయాల్సి వచ్చింది.